మగ్గం మీద మిగిలిన కొసలు

చీమకుర్తి,
ఆదివారం, మధ్యాహ్నం.

అమ్మకు,

నీ కాళ్ళకూ నాన్న కాళ్ళకూ ఇక్కడి నుంచే దణ్ణం పెట్టుకుని హైమ రాస్తున్న సంగతులు. నేను బాగానే ఉన్నాను. ఈ మాట ఇంకో రెండు మూడు చోట్ల కూడా రాస్తాను, ప్రతిసారీ నమ్ము. నువ్వెలా ఉన్నావు? కంట్లో మందు రోజూ వేసుకుంటున్నావా, లేక సీసా అయిపోగానే "ఇప్పుడు బాగానే కనపడుతోందిలే" అని మానేశావా? నాన్న మోకాలు ఎలా ఉంది? మగ్గం గుంతలోంచి లేచేటప్పుడు ఇంకా గోడ పట్టుకునే లేస్తున్నాడా? తమ్ముడు గుంటూరు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి ఎన్నాళ్ళయింది? పక్కింటి సుబ్బులు పిన్నినీ, బాబాయినీ, వాళ్ళ కొత్త కోడలు నాగమణినీ అడిగానని చెప్పు. కొత్త కారం ఆడించారా? నీ కళ్ళ కోసం అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఇన్ని కాగితాలు చూసి కంగారుపడకు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నాన్న అంటాడు. అననీ. ఫోన్ చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. నువ్వు పెట్టకపోతే సుబ్బులు పిన్ని వచ్చి పెడుతుంది. పోయిన వారం నువ్వు నన్నొక మాట అడిగావు. "ఉగాదికి ముందే కొత్త పడుగు వస్తుందే. అతకడానికి నువ్వొస్తావా, నాగమణిని కూచోబెట్టమంటావా?" అన్నావు. నేను నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది. "అదెందుకు రాదూ, దాని మగ్గం అది. ఏమే హైమా, రాళ్ళ మధ్య కూచుని రాయివైపోయావా ఏంటి?" అంది. వెనక ఎవరో నవ్వారు. నేనూ నవ్వేసి, "చూద్దాంలే అమ్మా" అని పెట్టేశాను.

కాసేపటికి నాన్న మళ్ళీ చేశాడు. అది నీకు తెలియదు. టీ కొట్టు దగ్గర నుంచి చేశాడు. "మీ అమ్మ రోజూ పొద్దున్నే నీ మగ్గం మీద గుడ్డ తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ కప్పుతోందే. ఎవర్నీ కూచోనివ్వడం లేదు. ఏదో ఒకటి చెప్పెయ్యి దానికి," అన్నాడు. నాన్న ఫోన్‌లో అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నేను వచ్చేసేటప్పుడు చివరి చీర కోసి, పాత పడుగు కొసలు అచ్చు పళ్ళ సందుల్లోనే వదిలి వచ్చాను. వదలాల్సిందే కదా. వాటికి కొత్త పడుగు ఒక్కో పోగూ అతుక్కుంటూ పోతేనే మగ్గం మళ్ళీ నడిచేది. ఆ కొసలు లాగేస్తే మళ్ళీ మొదటినుంచి ప్రతి పోగూ ఎక్కించుకోవాలి. నాయనమ్మయితే ఉత్త అచ్చును ఇంట్లో ఉంచనిచ్చేది కాదు, ఇల్లు ఖాళీ అవుతుందనేది. ఆ కొసలు అలా వేలాడుతున్నంతకాలం నేను వచ్చి కూచుంటానని నీ లెక్క. ఆ సంగతి నాకు తెలుసు. నీ ప్రశ్నకు జవాబు రాద్దామనే ఈ కాగితాలు తీశాను. జవాబు చివర్లో ఉంటుంది. ముందే అక్కడికి వెళ్ళిపోకు.

ఇక్కడి సంగతులు చెబుతాను. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. క్వారీల వైపు నుంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూచున్నట్టు ఉంటుంది. రాయి కోసిన దుమ్ము తెల్లగా అన్నిటి మీదా కూచుంటుంది. వేపాకు మీద, జామాకు మీద, ఆరేసిన బట్టల మీద. సాయంత్రం ముఖం కడిగితే నీళ్ళు కుడితి రంగులో వస్తాయి. నా గది రోడ్డు పక్కనే. రాతి దిమ్మెలు మోసుకుని లారీ పోతుంటే గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. మొదట్లో భయం వేసేది, ఇప్పుడు గ్లాసు చూసి లారీలో బరువెంతో చెప్పగలను. ఈ నెలలో పొదిలి వైపు నుంచి మిర్చి లారీలు కూడా పోతున్నాయి, గుంటూరు యార్డుకు. అవి పోయాక వీధి అంతా ఒకేసారి దగ్గుతుంది. అప్పుడు మాత్రం మనవాళ్ళ మధ్య ఉన్నట్టు ఉంటుంది.

ఇంటావిడ ఆదెమ్మ గారు మంచి మనిషే. మాట తక్కువ. రోజుకొకసారి తలుపు తట్టి, "మోటారు వేశానమ్మాయ్, పట్టుకో" అంటుంది. ఆదివారాల్లో నేను మనిషి గొంతు వినేది ఆ ఒక్కసారే.

వంట చేసుకుంటున్నాను. మొదట్లో మెస్ క్యారియర్ తెప్పించుకునేదాన్ని, ఆ సాంబారులో బెల్లం పడుతోందని మానేశాను. ఒక్కదానికి చారు పెట్టడం నాకింకా కొలత కుదరలేదమ్మా. నలుగురికి సరిపడా అవుతుంది. పొద్దున చారు, రాత్రికి అదే చారు, మర్నాడు దాన్నే వేడి చేసి, దానికి పేరు మార్చి రసం అనుకుని తింటాను. కడుపు నిండుతోంది, దిగులు పడకు.

దిగులంతా చప్పుడు దగ్గరే. మన ఇంట్లో మగ్గం చప్పుడు ఆగితే ఎవరో లేచారని అర్థం, మంచినీళ్ళకో, మాట్లాడటానికో ఇవతలికి వస్తారని అర్థం. ఇక్కడ పగలూ రాత్రీ రాయి కోసే మిషన్ల చప్పుడు. అది ఆగితే కరెంటు పోయిందని అర్థం. ఎవరూ రారు. అయినా చప్పుడు ఆగగానే నా తల తలుపు వైపు తిరుగుతుంది. ఇన్ని నెలలయినా ఆ అలవాటు పోలేదు.

నా ఉద్యోగం ఏమిటో నీకు ఇంతవరకూ సరిగ్గా చెప్పలేదు. "ఆఫీసు" అన్నాను. నువ్వు వీధిలో అందరికీ "ఏసీ ఆఫీసు" అని చెప్పావట. ఫ్యాను ఉందమ్మా. అది స్టోరు. గ్రానైటు యూనిట్‌లో సామాను ఉంచే గది. రాయి మనం అనుకున్నంత సాధువు కాదు. క్వారీలో దిమ్మెగా లేచిన దగ్గర నుంచి, పలకలుగా కోసి, పాలిష్ పెట్టి, కంటైనర్‌లోకి ఎక్కించి ఓడరేవుకు పంపేదాకా ప్రతి చోటా దాన్ని ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి. కట్టాలి, బిగించాలి, తగిలించాలి. అలా పట్టుకునే వస్తువులన్నీ నా గదిలో ఉంటాయి. కావలసినవాళ్ళు వచ్చి అడుగుతారు, నేను తీసి ఇస్తాను, సాయంత్రం తెచ్చి ఇస్తే చూసి లోపల పెడతాను.

అన్నిటికీ ఇంగ్లీషు పేర్లే. బీకాంలో ఇవేవీ చెప్పలేదు. నీకు గుర్తుందా, నేను బడిలో చదివేటప్పుడు ఇద్దరం ఎదురూబొదురూ కూచుని వేళ్ళకు బూడిద అద్దుకుని పడుగు అతుకుతుంటే, నువ్వు ఒక్కోటీ చూపించి "దీన్ని ఇంగ్లీషులో ఏమంటారే?" అని అడిగేదానివి. దారం అంటే త్రెడ్ అన్నాను, ముడి అంటే నాట్ అన్నాను. అతుకు అంటే ఏం చెప్పాలో తెలియక జాయింట్ అన్నాను. "జాయింట్ అంటే కలెక్టరు కదే, మనింట్లో ఇంతమంది కలెక్టర్లున్నారా" అని నాన్న గుంతలోంచి అన్నాడు. ఆ రోజంతా అతికిన ప్రతి పోగుకూ కలెక్టరు గారని దణ్ణం పెట్టావు నువ్వు.

ఇప్పుడు అడుగు, బోలెడు చెబుతాను. షాకిల్ అని ఒకటుంది. గుర్రపు నాడాలా వంగిన ఇనుము, దాని రెండు చెవుల్లోంచి అడ్డంగా ఒక సీల. ఆ సీల జారకుండా దానికి కాపలా స్ప్లిట్ పిన్, అచ్చం నీ జడపిన్నే. టర్న్‌బకిల్ అనేదాన్ని మధ్యలో తిప్పితే రెండు వైపులా ఉన్న తాళ్ళు ఒకేసారి బిగుసుకుంటాయి. నులక మంచం బిగించేటప్పుడు నాన్నకు ఇలాంటిదొకటి ఉండి ఉంటే మంచానికి అన్ని తిట్లు తప్పేవి. ఐ బోల్టుకు తల ఉండాల్సిన చోట కన్ను ఉంటుంది. పైపుకూ పైపుకూ మధ్య కప్లింగు. పలకలు జారకుండా నొక్కి పట్టేది క్లాంపు. కేబుల్ టై ప్లాస్టిక్ తోక లాంటిది, ఒకసారి బిగిస్తే వెనక్కి రాదు, కొయ్యాల్సిందే. ఇంక వాషరు. అది దేన్నీ పట్టుకోదు, ఊరికే మధ్యలో కూచుంటుంది, కానీ అది లేకపోతే బిగింపు నిలవదు. పెళ్ళిళ్ళలో మన బాబాయి లాగా. ఈ మాట బాబాయికి చెప్పకు.

పనివాళ్ళు ఒడిశా వాళ్ళు, రాజస్థాన్ వాళ్ళు, తమిళనాడు వాళ్ళు, కొందరు మన మర్రిపూడి వైపు వాళ్ళు. ఒకరి మాట ఒకరికి రాదు. షాకిల్ అంటే మాత్రం అందరి చెయ్యీ ఒకే వస్తువు మీదికి పోతుంది. రోజంతా నేను మాట్లాడే మాటలు ఇవే. షాకిల్, హుక్కు, క్లాంపు, చైను. సాయంత్రం గదికి వచ్చి తాళం తీస్తుంటే అనిపిస్తుంది, ఈ రోజు ఒక్క పూర్తి వాక్యం కూడా మాట్లాడలేదని. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ళు మధ్యాహ్నం వేపచెట్టు కింద కూచుని అన్నాలు తింటారు. అందరూ ఇటువైపు ఊళ్ళవాళ్ళే, గలగలా మాట్లాడుకుంటారు. ఒకరోజు డబ్బా పట్టుకుని వెళ్ళాను. "రండి మేడం" అని చాప జరిపారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళ మాట నా వల్ల ఆగిపోయింది. అన్నం తొందరగా తినేసి లేచాను. నేను లేచి పది అడుగులు వేశానో లేదో మళ్ళీ గలగల మొదలైంది. వాళ్ళ తప్పేమీ లేదు.

ఇప్పుడొక సంగతి రాస్తాను. ముందే చెబుతున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. నా ఉద్యోగం కూడా పోలేదు.

స్టోరులో బెల్టులుంటాయి. నడుముకు పెట్టుకునేవి కాదు, పలకలను కింద నుంచి చుట్టి క్రేన్ కొక్కేనికి తగిలించే పట్టీలు. జానెడు వెడల్పు, చెప్పు అట్టంత మందం. మొదటిరోజు ఒకటి చేతిలోకి తీసుకుని నిలబడిపోయాను. నేసిందమ్మా అది. పడుగు, పేక, రెండు పక్కలా అంచు. అంత ఇనుము మధ్య నాకొక చుట్టం దొరికినట్టయింది. మిగతా సామాన్లు ఎలా పడేసినా బెల్టులు మాత్రం చీరల్లా మడతపెట్టి ఉంచుతాను. పనివాళ్ళు నవ్వుతారు.

రాతి అంచు పదును. బెల్టు తెగుతుంటుంది. తెగింది స్టోరుకు వస్తే రెండు ముక్కలుగా కోసి పారెయ్యాలని రూలు. ఇన్నాళ్ళూ అలాగే కోసి పారేశాను. ఫోన్‌లో నువ్వు ఆ మాట అడిగిన మర్నాడు ఒక బెల్టు వచ్చింది. కొత్తదే, రంగు కూడా పోలేదు. ఒక అంచున నాలుగు వేళ్ళ మేర తెగింది, అంతే. కత్తి తీసుకున్నాను, చెయ్యి రాలేదు. మన ఇంట్లో తెగిన పోగును ఎవరైనా పారేశారా? నిద్రలో కూడా చెయ్యి దానికోసం వెతుకుతుంది. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళకుండా తలుపు దగ్గరకు వేసి, దబ్బనం, నైలాను దారం తీసుకుని కూచున్నాను. పోగుకు పోగు చూసుకుని కలిపాను. అంచు మీద అంచు సరిగ్గా కూర్చాను. పైన కుట్టు కనపడకుండా బెల్టు రంగు దారమే వాడాను. ఎన్ని నెలల తర్వాతో నా చేతులకు వాటి పని వాటికి దొరికింది. ఆ కాసేపూ ఒంటరిగా అనిపించలేదు. నువ్వు ఎదురుగా కూచుని రెండో కొస పట్టుకున్నట్టే ఉంది. పని అయ్యాక దాన్ని మంచి బెల్టులతో పాటు కొక్కేనికి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. నువ్వు చూసినా అతుకు ఎక్కడో చెప్పలేవు.

మర్నాడు పొద్దున్నే ప్రదీప్ దాన్నే తీసుకుపోయాడు. ఒడిశా అతను, క్రేన్ దగ్గర పలకలకు బెల్టులు తగిలిస్తాడు. పలకల కట్ట నేల మీద నుంచి మూరెడు ఎత్తు లేచింది. అతను పక్కనే నిలబడి చేత్తో దాన్ని తిప్పుతున్నాడు. యార్డు సూపర్‌వైజరు హనుమంతరావు గారు ఎక్కడ చూశారో, ఎలా చూశారో, "దించరా, దించు" అని కేక పెట్టారు. దించారు. ఆయన బెల్టు విప్పించి, భుజాన వేసుకుని నేరుగా స్టోరుకు వచ్చారు. సంతనూతలపాడు మనిషి, గొంతు పెద్దది. ఆ రోజు మాత్రం నెమ్మదిగా అడిగారు.

"ఏమ్మాయ్, ఇది ఎవరు కుట్టారు?"

"నేనేనండి."

వెలుతురులోకి తీసుకెళ్ళి తిరగేసి చూశారు. వేలితో తడిమారు. "బాగా కుట్టావే. ఎక్కడ నేర్చుకున్నావు?"

"మాది చీరాలండి. ఇంట్లో మగ్గాలున్నాయి."

మెచ్చుకుంటున్నారనే అనుకున్నానమ్మా. నా ముఖంలో నవ్వు కూడా వచ్చినట్టుంది.

"అయితే రా. అదే కట్ట, ఇదే బెల్టుతో మళ్ళీ ఎత్తిస్తాను. దాని కింద నువ్వు నిలబడు."

నేను కదల్లేదు.

"ఏం, నిలబడవా? నువ్వు కుట్టిందేగా."

తలుపు దగ్గర ప్రదీప్ నిలబడి ఉన్నాడు. అతనికి తెలుగు సగమే వచ్చు. ఆయన ముఖం చూస్తాడు, నా ముఖం చూస్తాడు, బెల్టు చూస్తాడు. మెల్లగా అర్థమైంది అతనికి. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అతను నిలబడ్డాడమ్మా," అన్నారు హనుమంతరావు గారు. "తెగిందని తెలిస్తే ఎవడూ దీని జోలికి రాడు. తెగినట్టు కనపడకుండా చేశావు చూడు, అదీ నువ్వు చేసింది. చీర చిరిగితే మనిషి సిగ్గుపడతాడు. ఇది చిరిగితే సిగ్గుపడటానికి మనిషి ఉండడు." అని బల్ల మీద ఉన్న కత్తి నా చేతికిచ్చారు. "కొయ్యి."

కోశాను. నా కుట్టు మీదుగానే కొయ్యమన్నారు. ఎంతకీ తెగదు. నా చెయ్యి నొప్పి పుట్టేదాకా కోశాను. ఇద్దరూ అయ్యేదాకా నిలబడి చూశారు. అది అయ్యాక ఆయన గొంతు మామూలు గొంతయింది. "తిట్టానని రేపటి నుంచి మానేస్తావేమో. మానకు. కుట్టగలిగిన చేతికి తెగింది ముందు కనపడుతుంది. ఇక నుంచి ప్రతి బెల్టూ నువ్వే తడిమి చూసి ఇవ్వాలి, అనుమానం వస్తే ఇవ్వొద్దు, ఎవడు అరిచినా సరే," అన్నారు. తర్వాత ఇనప తాడు ఒకటి చూపించారు. దాని కొస వెనక్కి మడిచి, పోగుల్లోకి పోగులు దూర్చి అల్లేసి ఉంది, ముడి లేకుండా. దాన్ని స్ప్లైస్ అంటారట. "అతుకు వేయకూడదని కాదు, వేసినదాన్ని పరీక్ష పెట్టాకే మనిషిని దగ్గరికి రానివ్వాలి," అన్నారు. కాబట్టి అమ్మా, అతుకుకు ఇంగ్లీషు మాట దొరికింది. కలెక్టరు కాదు.

మళ్ళీ రాస్తున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. ప్రదీప్ కూడా మర్నాడు మామూలుగానే వచ్చాడు. బెల్టు ఇస్తే ఒకసారి వెలుతురులో పెట్టి చూసుకుని తీసుకెళ్ళాడు. ఇదివరకు చూసేవాడు కాదు. చూడనీ, చూడటమే మంచిది.

"దాని కింద నువ్వు నిలబడు" అన్న మాట ఈ వారమంతా నా వెంట తిరిగింది. నేను కుట్టిన బెల్టు ఇదొక్కటే కాదమ్మా. నేను ఇక్కడికి వచ్చిన దగ్గర నుంచి నీకు ఫోన్‌లో ఏం చెప్పాను? "చూద్దాంలే." "పని తగ్గితే వస్తా." "వచ్చే నెల తప్పకుండా." ఎక్కడా కుట్టు కనపడకుండా చెప్పాను. నువ్వు వాటిని నమ్ముకుని రోజూ ఆ గుడ్డ తీసి, దులిపి, కప్పుతున్నావు. వీధిలో "అది వచ్చి అతుకుతుంది" అని చెబుతున్నావు. నా మాటల కింద నిలబడింది నువ్వు.

ఈ రోజు పొద్దున నీ దగ్గరికే బయల్దేరాను. ఎదురుగా కూచుని చెబుదామనుకున్నాను. ఒంగోలు బస్టాండులో దిగి, చీరాల బస్సు ముందు నిలబడ్డాను. పూలబుట్ట పెట్టుకున్న ఒకావిడ కిటికీలోంచి, "ఎక్కమ్మాయ్, నా పక్కన సీటుంది," అంది. నీ గొంతు లాంటి గొంతే. కాలు మెట్టు మీద పెట్టాను కూడా. అప్పుడు కళ్ళకు కట్టినట్టు కనపడింది. నేను వస్తాను, నువ్వు గోంగూర పప్పు చేస్తావు, నాన్న ఏమీ అనడు, సాయంత్రానికి నేను గుంతలో కాళ్ళు పెట్టుకుని కూచుని ఉంటాను. పడుగు అతికేసి, "మళ్ళీ వచ్చి నేస్తాలే" అని చెప్పి బస్సెక్కేస్తాను. నీ ముఖం చూస్తే నేను ఇంకో కుట్టు వేసేస్తానమ్మా, కొయ్యలేను. కాలు తీసేశాను. "ఎక్కవా?" అంది ఆవిడ. "తర్వాతి బస్సుకు వస్తానండి," అన్నాను. ఆవిడకు కూడా అబద్ధమే చెప్పాను.

అరటిపళ్ళు కొనుక్కుని తిరిగొచ్చాను. ఆదెమ్మ గారికి రెండు ఇచ్చాను. "ఊరెళతానన్నావు?" అంది. "వెళ్ళలేదండి," అన్నాను. కాసేపు నా వైపు చూసి, "మోటారు వేస్తాను, పట్టుకో," అంది. నీళ్ళు పట్టుకుని, ఈ ఉత్తరానికి కూచున్నాను.

నేను రానమ్మా. ఉగాదికి ముందు రాను, ఆ తర్వాత కూడా మగ్గం మీదికి రాను.

అక్కడ నాకేదో తక్కువ చేశారని కాదు. నేత మీద చిన్నచూపు కూడా కాదు, నా చేతులు అబద్ధం చెప్పవు. కానీ గుంతలో కూచున్నప్పుడల్లా నాకు అటూ ఇటూ పోయే నాడె చప్పుడు కంటే వీధి చివర బస్సు హారను ఎక్కువ వినపడేది. అది నీకూ తెలుసు. "దీనికి కాళ్ళు కింద ఉన్నా చెవులు రోడ్డు మీదే" అనేదానివి. ఇక్కడికి వచ్చి సుఖపడుతున్నానని రాయను. ఒంటరిగా ఉంది. చాలా ఒంటరిగా ఉంది. ఆ మాట చెబితే "అయితే వచ్చెయ్యి" అంటావని ఇన్నాళ్ళూ చెప్పలేదు, బాగున్నానన్న మాట ఒక్కటే చెప్పాను. ఇప్పుడు రెండూ చెబుతున్నాను. ఒంటరిగా ఉంది, రాను. ఈ ఒంటరితనంతో ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను. వచ్చే వారం మళ్ళీ డబ్బా పట్టుకుని ఆ వేపచెట్టు కిందకు వెళతాను. మాట ఆగిపోతే ఆగిపోనీ, ఈసారి నేనే మొదలుపెడతాను.

మగ్గం నాగమణికి ఇచ్చెయ్యి. మంగళగిరి పిల్ల, పుట్టింట్లో సొంత మగ్గం వదిలి వచ్చింది. అత్తింట్లో ఉన్న ఒక్క మగ్గం మీద మొగుడు కూచుంటే ఆ పిల్ల దారం కండెలు చుట్టుకుంటూ గడప దగ్గర కూచుంటోంది. నేను వచ్చేసే ముందే చూశాను, మొగుడి చేతులనే చూస్తుంటుంది. కొసలు తెంపక్కరలేదు. వాటికే తన పడుగు అతుక్కుంటుంది. అచ్చు ఉత్తది అవదు, నాయనమ్మ మాటా పోదు. ఆ పిల్ల అతుకుతున్నప్పుడు నువ్వు వంటింట్లోకి వెళ్ళిపోకు, ఎదురుగా కూచో. ఏదైనా పోగు తప్పిస్తే "హైమయితేనా" అనకు. గుడ్డ మళ్ళీ కప్పకు.

సుబ్బులు పిన్ని అడిగితే నేను రానన్నానని చెప్పెయ్యి, సర్ది చెప్పకు. పిన్ని నాలుగు మాటలు అంటుంది. వాటిలో రెండు నిజాలే ఉంటాయి, విను.

నేను ఇంటికి మాత్రం వస్తాను. పండక్కో, ఊరికేనో, చుట్టంలా వస్తాను. నేల మీద కూచుని నీ చేతి అన్నం తిని పోతాను. తమ్ముడు ఇటు వస్తే వాడి చేత కందిపొడి, కొంచెం కొత్త కారం, నీ పాత నేత చీర ఒకటి పంపు. కొత్తది వద్దు, ఉతికి ఉతికి మెత్తబడ్డది కావాలి. కప్పుకోవడానికి. నాన్నను మోకాలు చూపించుకోమను. నువ్వు కంటి మందు మానకు. పెద్దవాళ్ళందరికీ నా నమస్కారాలు.

నీకు కోపం వస్తుంది. రానీ. కొన్నాళ్ళు ఫోన్ ఎత్తకు, నేను రోజూ చేస్తూనే ఉంటాను. ఎత్తిన రోజున నన్ను దీవించు. ఎప్పుడూ ఫోన్ పెట్టేసేముందు "త్వరగా వచ్చెయ్యి" అని దీవిస్తావు. ఈసారి అలా కాదు. ఉన్నచోటే బాగుండమని దీవించు అమ్మా. ఆ మాట నీ నోటి నుంచి నేనింకా వినలేదు.

నీ కూతురు,
హైమ